ఢిల్లీ బండి ఎక్కాల్సిన రోజు పదునైంది

ఫోన్లో నెట్టు చవకైన కొత్తల్లో మా కళ్యాణదుర్గంలో ఎవరూ కళ్యాణదుర్గంలో ఉండేవాళ్లు కాదు. టీ బంకు ముందర కూర్చున్నవాడు మనసులో దుబాయిలో ఉండేవాడు. క్షవరం షాపులో తన వంతు కోసం కాచుకున్నవాడు ఏదో సముద్రంలో తిమింగలం వెనకాల ఈదుతుండేవాడు. నేను హిమాలయాల్లో ఉండేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. వేరుశనగ కాయలు, మా మాటలో చెనిక్కాయలు, ఒలిచే మిల్లులో గుమాస్తా ఉద్యోగం. మిల్లు ఆడాలంటే కాయలుండాలి, కాయలుండాలంటే వానలుండాలి. ఈ రెండూ లేని నెలల్లో నా ఉద్యోగమల్లా కరెంటున్నప్పుడు ఫ్యాను కింద కుర్చీలో కూర్చోవడం, కరెంటు పోయినప్పుడు అదే కుర్చీలో చెమట తుడుచుకుంటూ కూర్చోవడం. నెత్తిన రేకుల షెడ్డు ఎండకు టకటకమంటుంటే, నా అరచేతిలో ఎవరెవరో మోకాలి లోతు మంచులో నడిచి పోయేవాళ్లు. అలా చూసి చూసి ఒకరోజు, వీళ్లు నడవగలిగినప్పుడు నేనెందుకు నడవలేనన్న అనుమానం వచ్చింది. ఆ వయసులో అలాంటి అనుమానం వచ్చినప్పుడు పక్కన నాలుగు మంచి మాటలు చెప్పేవాళ్లుండాలి. నా పక్కన సేటు, పరుపు ఉన్నారు.

సేటుది బజారులో మూడు తరాల కిరాణా అంగడి. బళ్లో చదివేటప్పుడే పెన్సిలు ముక్క అరువడిగినా ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేవాడు కాబట్టి ఆ పేరు పడింది. పరుపు వాళ్లు తాతల కాలం నుంచి దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టే ముస్లింలు. మసీదు వీధి మొదట్లో వాళ్ల షాపు. (షాపులో పడుకుని మాట్లాడటానికి వీలుండేది కాబట్టి మా సభలన్నీ అక్కడే జరిగేవి. ఎంత పెద్ద ఆలోచన మొదలుపెట్టినా మధ్యలో ఒకరికి నిద్ర పట్టేది.) హిమాచల్ ప్రదేశ్‌లో ఒక లోయ గురించి నేను వాళ్లకు చెప్పాను. ఇవతల పచ్చటి గడ్డి, అడవి, వాగులు. వాటిని దాటుకుంటూ రోజుల తరబడి ఎక్కితే మంచుతో నిండిన ఎత్తయిన కనుమ వస్తుంది. కనుమ దిగితే అవతల పిన్ లోయ. అక్కడ మనుషులు తక్కువ, రోడ్లు తక్కువ, ఫోన్ సిగ్నలు అసలే లేదు. సేటు అంతా విని, అక్కడ టిఫిన్ ఏం దొరుకుతుందని అడిగాడు. పరుపు మాత్రం నా ఫోను తీసుకుని, ఆ వీడియో మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చూసి, ఎప్పుడు పోదామన్నాడు.

జులైలో పోదామని తేల్చుకున్నాం. నాకు తెలిసినంతలో ప్రయాణానికి ప్లాను వేయడమంటే దారి తెలుసుకోవడం, టికెట్లు చేయించుకోవడం, అక్కడ దారి చూపే మనిషిని మాట్లాడుకోవడం. అవన్నీ వారం తిరక్కుండానే ముగించాను. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఇంట్లో చెప్పాలి కదా. మా అమ్మకు అర్థం కావాలని కనుమ అవతలి లోయను ఫోన్లో చూపించాను. ఆ లోయలో వానలు పడవు. ఎటు చూసినా రాళ్లు, బోడికొండలు, మధ్యలో సన్నగా ఒక ఏరు. అమ్మ చీర కొంగుతో ఫోను అద్దం తుడిచి మరీ చూసింది.

"ఇదేందప్పా, మన ఊరి మాదిరే ఉండాది. చెట్టా లేదు, చేమా లేదు. ఇది చూసేదానికి అంత దూరం పోవల్లనా?"

అది వేరమ్మా, అది పదివేల అడుగుల పైన ఉంటుందన్నాను. పైనుంటే మాత్రం రాళ్లు రాళ్లు కాకుండా పోతాయా అంది. నాయనకు అయిదెకరాల మెట్టచేను, చేనంతా చెనిక్కాయ. ఆ దినాల్లో ఆయన ఆకాశంతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మిల్లు సాహుకారును సెలవు అడిగితే ఆయనా ఆకాశం వైపే చూసి, ఈ ఏడూ వాన పడేటట్టు లేదు, నువ్వున్నా ఒకటే లేకున్నా ఒకటే, పోయిరమ్మన్నాడు. సెలవు దొరికిన సంతోషంలో ఆ మాటలో ఉన్న అవమానం నాకు ఇంటికెళ్లేదాకా తెలియలేదు.

ఇక నా స్నేహితులు. సేటుకు హిమాలయాలంటే అంగళ్లు లేని ఊరు. అందుకని వాడు తన బాధ్యతంతా తిండి మీద పెట్టుకున్నాడు. తాలింపు పెట్టి ఉగ్గాని చేసుకోవడానికి బొరుగులు, అంటే మరమరాలు, ఒక మూట, చెనిక్కాయల పొడి ఒక డబ్బా, ఊరగాయలు మూడు రకాలు, ఓలిగలు, అదే బొబ్బట్లు, పాడుకాకుండా ఎన్నాళ్లుంటాయో తెలుసుకోవడానికి వాళ్ల అత్తకు ఫోను. నువ్వే మోయాలి కదరా అంటే, మోసేదానికి కంచర గాడిదలుంటాయని నువ్వే చెప్పినావే అన్నాడు. పరుపు కంపెనీ జాకెట్లు ఎందుకు, నేను కుట్టనా అన్నాడు. కుట్టాడు కూడా. దూది కూరి, పరుపుకు వేసినట్టే గళ్లుగళ్లుగా కుట్లు వేసి, ముగ్గురికీ మూడు జాకెట్లు. నిజం చెప్పాలంటే పనితనానికి వంక పెట్టలేం. కాకపోతే వాటిని తొడుక్కుంటే చేతులు కిందికి దిగేవి కావు. ముగ్గురం చేలో పాతిన దిష్టిబొమ్మల్లాగా రెండు చేతులూ చాచుకుని నిలబడ్డాం. చలికి ఆగుతాయో లేదో చూడాలని, సేటు మామకు తెలిసినవాళ్లది హిందూపురంలో చింతపండు నిలవచేసే కోల్డ్ స్టోరేజీ ఉంటే అక్కడిదాకా పోయాం. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపల చింతపండు బస్తాల మధ్య మేం ముగ్గురం చేతులు చాచుకుని, ఒకరికొకరు ఎదురుపడినప్పుడు పక్కకు తిరిగి దారిచ్చుకుంటూ నడిచాం. చలి ఆగింది. చింతపండు వాసన మాత్రం ఆ జాకెట్లను ఈ రోజుకూ వదల్లేదు.

కాళ్లకు అలవాటు కావాలని ఆదివారాలు కొండలెక్కడం మొదలుపెట్టాం. ఒక ఆదివారం ఊరికి కాస్త దూరంలో, పైన పాత కోట గోడలున్న కొండను పట్టుకున్నాం. (మా ప్రాంతంలో కోట ఉన్న ప్రతి కొండ కిందా నిధి ఉందని నమ్మకం. అర్ధరాత్రి వచ్చి తవ్విపోయే ముఠాల వల్ల ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్లు కొత్త మనిషి కనపడితే చాలు కాపు కాస్తారు. ఈ సంగతి నాకు తెలిసే ఉండాలి. ఆ పూట గుర్తుకు రాలేదు.) సగం కొండ ఎక్కి ఒక బండ మీద కూర్చునే సరికి కింద నుంచి పదిమంది దాకా కర్రలు పట్టుకుని ఎక్కుతూ వచ్చారు. ముందున్న తలపాగా పెద్దాయన మా సంచులు విప్పించాడు. నా సంచిలో తాడు, టార్చిలైటు, గుడారం చుట్టూ కాలువ తీయడానికి కొన్న మడత పార. పరుపు సంచిలో మూరెడు పరుపు సూది. కొండెక్కితే తల తిరుగుతుందని ఎవరో చెప్పారట, సేటు సంచిలో డజను నిమ్మకాయలు. వాటి కింద పెద్ద డబ్బాలో పసుపుపచ్చగా పులిహోర. పెద్దాయన నిమ్మకాయలను, పసుపు అన్నాన్ని, పారను ఒకదాని పక్కన ఒకటి బండ మీద పేర్చి మా మొహాలు చూశాడు. నాకే మా మీద అనుమానం వచ్చింది.

"ఏం పనప్పా మీకు ఈ కొండ మీద?"

హిమాలయాల్లో కొండ ఎక్కడానికి అలవాటు చేసుకుంటున్నామని చెప్పాను.

"ఆ కొండ ఎక్కేదానికి ఈ కొండ ఎక్కుతాండారా? మల్లా ఆ కొండ మీద ఏముండాది?"

ఏమీ లేదన్నాను. అది నేను చెప్పిన జవాబుల్లో అన్నిటికన్నా నిజమైనదీ, అన్నిటికన్నా పనికిరానిదీ. ఏమీ లేని కొండ ఎక్కడానికి ఢిల్లీ దాటి పోయేవాడు ఉంటాడంటే అక్కడ ఎవరూ నమ్మలేదు. చివరికి మా నాయనకు ఫోను చేయించారు. ఆయన మోటారు సైకిలు మీద వచ్చి, కొండ కిందనే నిలబడి, మమ్మల్ని దింపుకొచ్చేదాకా బీడీ తాగాడు. నీ కొడుకేనా అని పెద్దాయన అడిగితే, మా వైపు చూడకుండా చెప్పాడు.

"నా కొడుకే అన్నా. నిధి కనుక్కునేంత తెలివి వానికి లేదులే."

పెద్దాయన ఆ మాట వెంటనే నమ్మాడు. అంతసేపూ నేను చెప్పింది ఒక్కటీ నమ్మనివాడు. పులిహోర మాత్రం అందరూ కలిసి తిన్నాం. బాగుందన్నారు. తిరుగుదారిలో నాయన బండి వెనకాల కూర్చుని, ఎవరేమన్నా సరే, ఆ కనుమ దాటి వచ్చి అందరికీ ఫోటోలు చూపిస్తానని మనసులో గట్టిగా అనుకున్నాను. ఆ పట్టుదల చూసుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అంతవరకూ నా బతుకులో నేనుగా కోరుకున్నది అదొక్కటే.

బయలుదేరాల్సిన దానికి ముందురోజు మధ్యాహ్నం అన్నం తింటుండగా పడమర మబ్బు పట్టింది. మా దగ్గర మబ్బును ఎవరూ లెక్కచేయరు. అది వస్తుంది, మమ్మల్ని చూస్తుంది, వేరే ఊరికి పోతుంది. నేను జాకెట్టును సంచిలో కుక్కే పనిలో ఉన్నాను. (దూది ఎంత అణిచినా ఇంకో వైపు నుంచి పైకి వచ్చేది.) ఇంతలో గాలి ఆగిపోయింది. వాకిట్లో పెద్ద పెద్ద చుక్కలు పడ్డాయి. తర్వాత చుక్కలు కనపడలేదు, వాన కనపడింది. చీకటి పడేదాకా కురిసింది. అమ్మ వాకిలి నుంచి కదల్లేదు. పక్కింటి వాళ్లు తడుస్తూనే వచ్చి నాయనతో మాట్లాడి, తడుస్తూనే పోయారు. కొన్నేళ్లుగా అలాంటి వాన చూడలేదని ఊరంతా ఒకటే మాట. ఆ సాయంత్రం అనంతపురం జిల్లా మొత్తం మీద వానను తిట్టుకున్న మనిషి నేనొక్కణ్ణే అయ్యుంటాను. జూన్ అంతా ఏం చేశావు? పోయిన ఏడు ఎక్కడికి పోయావు? సరిగ్గా నా టికెట్టు చూసుకుని రావాలా?

పొద్దున్నే నాయన చేనుకు పోయి పిడికెడు మన్ను తెచ్చి అరుగు మీద పెట్టాడు. పదునైందని ఒక మాట అన్నాడు, అంతే. పదునంటే విత్తనం మొలిచేంత తడి. అది మా ఎర్ర నేలలో రెండు మూడు రోజులకన్నా నిలవదు. అందరికీ అదే రోజు కావాలి, ట్రాక్టర్లు అందరికీ లేవు, కూలీలు దొరకరు. నాయన ఊరంతా తిరిగి ఎవరిదో విత్తనం వేసే ఎద్దుల గొర్రును, దాని వెనకాలకు ఆరుగురు ఆడకూలీలను మాట్లాడుకుని వచ్చాడు. అమ్మ ఒలిచి పెట్టిన విత్తనాల మూటలు బయటికి తెచ్చింది. నేను నా సంచి పక్కన నిలబడి, ఎవరైనా ఉండిపొమ్మంటారా అని చూశాను. అడిగితే కొట్లాడటానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా. ఎవరూ అడగలేదు. అంత విసుగు పుట్టించే సంగతి ఇంకొకటి లేదు. పైగా నాయన గొర్రుకు తాళ్లు కడుతూ తలెత్తకుండా అన్నాడు.

"బిన్నా పో. బండి తప్పిపోతాది."

పోయాను. బస్టాండులో నేనెప్పుడూ చూడనంత జనం. కూలి పనులకని బెంగళూరు పోయినవాళ్లు వాన కబురు విని తిరిగొస్తున్నారు. బస్సు ఆగడం, మూటలతో, పిల్లలతో దిగడం, దిగినవాళ్లు దిగినట్టే షేర్ ఆటోల్లో ఎక్కి పల్లెలకు పోవడం. అందరి మొహాలూ పెళ్లికి వచ్చినట్టున్నాయి. మేం ఢిల్లీ రైలెక్కాల్సింది అనంతపురంలో, ఆ బస్సు దాదాపు ఖాళీగా ఉంది. సేటు, పరుపు అప్పటికే లోపల కూర్చున్నారు. నేను నా సంచిని తలుపులో నుంచి తోస్తుంటే, కిందనే నిలబడ్డ కండక్టరు ఒక చెయ్యి వేసి సాయం పట్టాడు.

"అందరూ ఊర్లకొస్తాండారు, నువ్వు యాడికప్పా మూట కట్టుకోని పోతాండావు?"

ఢిల్లీకన్నాను. ఆయన జాలిగా చూశాడు.

"చేన్లు లేవా మీకు?"

ఉన్నాయన్నాను. ఆయన సంచి మీది చెయ్యి తీసేసి డ్రైవరు వైపు పోయాడు. ఇంకో మాట అడిగి ఉంటే బాగుండేది. నేను రెండో మెట్టు మీద నిలబడి, ఎక్కనూ లేక దిగనూ లేక, వెనక ఎక్కేవాళ్లకు అడ్డంగా కాసేపు ఉన్నాను. తర్వాత ఎలా పెట్టానో అలాగే సంచిని బయటికి లాక్కున్నాను. మీరు పొండ్రా అని వాళ్లిద్దరికీ కిటికీలోంచి చెప్పాను. సేటు ఆ మాట కోసమే కాచుకున్నవాడిలాగా, నేను పూర్తి చేయకముందే బొరుగుల మూటతో సహా కింద ఉన్నాడు. ముగ్గురం అనుకున్నాం, పోతే ముగ్గురం పోవాలి, లేకుంటే లేదన్నాడు. వాడి మొహంలో ఉన్నంత ఉపశమనం నేను మళ్లీ ఎవరి మొహంలోనూ చూడలేదు. పరుపు మాత్రం లేవలేదు. బస్సు స్టార్టయ్యేదాకా ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా దిగి, నా సంచి తన భుజానికి వేసుకున్నాడు.

"పద. ఇత్తనం యాడేయల్ల?"

మేం ముగ్గురం చేనుకు చేరేసరికి మా కాళ్లకు మంచులో నడవడానికి కొన్న బూట్లున్నాయి. వేరే చెప్పులు తెచ్చుకోలేదు మరి. తడిసిన ఎర్రమన్ను వాటికి ఎంత ప్రేమగా పట్టుకుందంటే నాలుగడుగులు వేసేసరికి ఒక్కో కాలు ఒక్కో తిరగలిరాయి అయింది. గొర్రు వెనకాల విత్తనం వదులుతున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి నడుములు పట్టుకుని నవ్వారు. నాయన మాత్రం నవ్వలేదు. ఎద్దులను ఆపి, నన్నొకసారి చూసి, విత్తనాల మూట విప్పమన్నాడు. అంతే, మళ్లీ ఎద్దులను అదిలించాడు. కానీ ఆ సాలు చివరిదాకా పోయి తిరిగి వచ్చేటప్పుడు ఎద్దులతో ఏదో మాట్లాడుతూ వచ్చాడు. మనిషి దొరికాడని చెప్పి ఉంటాడు.

రెండు రోజులు బూట్లు విప్పేసి ఒట్టి కాళ్లతో పనిచేశాం. పరుపు మోసినన్ని మూటలు ఇంకెవరూ మోయలేదు. సేటు విత్తనం వదలడంలో చూపిన పొదుపుకు నాయనే వచ్చి, ఇంకొంచెం ధారాళంగా వదలమని చెప్పాల్సి వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని తింటున్నాం. సేటు మూటలోని బొరుగులతో అమ్మ అందరికీ ఉగ్గాని చేసి తెచ్చింది. నేను ఎవరితోనూ మాట్లాడకుండా కొసకు కూర్చున్నాను. ఢిల్లీ బండి ఈపాటికి ఏ ఊరు దాటి ఉంటుందో లెక్కపెట్టుకోవడం తప్ప నాకు వేరే ఆలోచన లేదు. కూలీల్లో పెద్దదైన ఒకామె, అందరూ పెద్దక్కా అని పిలిచేవాళ్లు, నన్ను కదిపింది. పోలేకపోయిన ఆ ఊరు ఎట్లా ఉంటుందో మాకన్నా చెప్పమంది.

మొదట మొక్కుబడిగా చెప్పాను. రోడ్డు అయిపోయే పల్లె, ఆ పైన అడవి, అడవి దాటితే గడ్డి, గడ్డిలో గొర్రెల మందలు. గొర్రెలనేసరికి వాళ్లు దగ్గరకు జరిగారు. ఆ గొర్రెలు ఎవరివి, ఎంతెత్తుంటాయి, వాగులో నీళ్లు వేసవిలో కూడా ఉంటాయా? మంచు కరిగి వస్తాయి కాబట్టి ఉంటాయన్నాను. మరి ఎవరూ కట్ట కట్టి ఆపుకోలేదా అని ఒకామె నన్ను నిలదీసింది, ఆ నీళ్లు నేనే వదిలేసినట్టు. నాకు తెలియకుండానే నేను లేచి నిలబడ్డాను. చేతులు ఊపుతూ వాళ్లను మంచు అంచు మీద ఒక్కొక్కరినే నడిపించాను, తాడు పట్టుకోమన్నాను, గాలి తక్కువ కాబట్టి మాటలు తగ్గించమన్నాను. నిజంగానే తగ్గించారు. అందరినీ కనుమ పైకి చేర్చి, అటు చూడండి, అదే లోయ, అని చెయ్యి చాచేసరికి నాయన గొర్రు దగ్గర నుంచి కేకేశాడు. పదును ఆరిపోతోంది. అందరూ చేతులు కడుక్కుని లేచారు. మిగతాది తర్వాత చెప్తానన్నాను. పొద్దు వాలే లోపల మా చేను అయిపోయింది, వాళ్లు తెల్లవారి ఇంకొకరి చేనుకు పోయారు.

ఆ ఏడు తర్వాతి వాన చాలా రోజులు రాలేదు. వచ్చాక పంట సగం పండింది. మా దగ్గర సగమంటే బాగా పండినట్టే లెక్క. మిల్లు ఆడింది, నాకు పని దొరికింది, సెలవులు దొరకలేదు. నాలుగేళ్ల తర్వాత పరుపు ఒక్కడే, ఎవరికీ చెప్పకుండా పోయి ఆ కనుమ దాటి వచ్చాడు. ఎట్లుందిరా అని ప్రాణాలన్నీ చెవుల్లో పెట్టుకుని అడిగితే, చలి, శానా చలి అన్నాడు. ఇంతవరకూ అంతకుమించి ఒక్క మాట రాబట్టలేకపోయాను. నేను పోలేదు. పెళ్లి, పిల్లలు, అప్పులు, ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

పోయిన నెల కళ్యాణదుర్గం బస్టాండులో పెద్దక్క కనపడింది. బాగా వంగిపోయింది. చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసి గుర్తుపట్టింది. పిల్లలెంతమంది, నాయన ఎట్లున్నాడు అన్నీ అడిగి, ఆటో ఎక్కబోతూ ఆగింది.

"ఏమప్పా, ఆ పొద్దు మమ్మల్నందరినీ ఆ మంచు కొండ మీదికి ఎక్కిస్తివి. దించకుండానే పోతివే?"

దించుతాలే అక్కా, కొంచెం ఆగు అన్నాను. పోతున్న ఆటోలో నుంచి ఆమె నవ్వు వినిపిస్తూనే ఉంది. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చి, ఆగి, పోయింది. ఇరవై మూడేళ్ల కుర్రవాడొకడు, ఒంటినిండా ఎర్రమన్నుతో, కోపంగా మొహం పెట్టుకుని, ఆరుగురు ఆడకూలీలను వెంటబెట్టుకుని ఇంకా ఆ కనుమ మీదే నిలబడి ఉన్నాడు. చలికి పాపం వాళ్లేమైపోతున్నారో.